గ్రామఫోన్ రికార్డులు కడిగే వ్యాక్యూమ్ యంత్రం: కొలతలతో సహా ఇంట్లోనే తయారుచేసే పద్ధతి

రికార్డు మీద మురికిని వదలగొట్టేవి ద్రవమూ, బ్రష్షూ. యంత్రం పని అది కాదు. వదిలిన మురికి మళ్లీ గాడిలోకి దిగి ఆరిపోకముందే ఆ నీళ్లను లాగెయ్యడం, యంత్రం చేసేది అంతే. గుడ్డతో తుడిస్తే పైపై తడి పోతుంది గానీ, ఎల్పీ (పెద్ద సైజు రికార్డు) గాడి వెడల్పు మిల్లీమీటరులో దాదాపు ఇరవయ్యో వంతు. గుడ్డ పోగు దాని అడుగు దాకా దిగదు, గాలి దిగుతుంది.

అందుకే ఈ తయారీలో కష్టమంతా పీల్చే గొట్టంలో నాలుగంగుళాలు కూడా లేని ఒక చీలిక దగ్గర ఉంది. చీలిక వెడల్పు, దాని పక్కన అతికించే వెల్వెట్, రికార్డు మీద అది ఆనే తీరు, ఈ మూడూ కుదిరితే మిగతాది వడ్రంగి పని. ఇక్కడ ఇచ్చిన కొలతలు 12 అంగుళాల ఎల్పీ కోసం, చేత్తో తిప్పే యంత్రానికి. 7, 10 అంగుళాల ప్లేట్లకు ఏం మార్చాలో 9వ భాగంలో ఉంది.

1. ఏవి కడగొచ్చు, ఏవి కూడదు

వినైల్‌తో (ఒక రకం ప్లాస్టిక్) చేసిన ఎల్పీలు, ఈపీలు (7 అంగుళాల చిన్న రికార్డులు) నిశ్చింతగా కడగొచ్చు.

78 ఆర్‌పీఎం ప్లేట్లలో ఎక్కువ భాగం లక్కతో చేసినవి. బరువుగా ఉంటాయి, కింద పడితే పగులుతాయి. వాటికి ఆల్కహాల్ చుక్క కూడా తగలకూడదు, లక్క కరిగిపోతుంది. ఆల్కహాల్ లేని ద్రవంతో కడగొచ్చు గానీ నానబెట్టకూడదు. అంచు నుంచి పగులు ఉన్న ప్లేటును అసలు తడపకండి. కొన్ని లక్క ప్లేట్ల లోపల కాగితపు పొర ఉంటుంది, పగులులోంచి నీళ్లు దిగితే అది ఉబ్బుతుంది.

అల్యూమినియం రేకు మీద లక్కర్ పూత పోసి నేరుగా రికార్డు చేసిన పాత డిస్కులు మీ దగ్గరుంటే ఈ యంత్రం వాటికి కాదు.

2. సామాను

పీటకూ (యంత్రం అడుగు పలక), పళ్లేనికీ (రికార్డు పెట్టి తిప్పే చక్రం):
• 18 మి.మీ. బీడబ్ల్యూపీ ప్లైవుడ్ (ఐఎస్ 710 ముద్ర చూసి కొనండి): 450 × 400 మి.మీ. ముక్క ఒకటి, 320 మి.మీ. గుండ్రటి పళ్లెం ఒకటి, 100 × 100 మి.మీ. ముక్కలు రెండు. ఎండీఎఫ్ వద్దు, నీళ్లు తగిలితే ఉబ్బుతుంది
• 120 మి.మీ. ఎత్తు కాళ్లు నాలుగు
• 608 బేరింగులు రెండు (లోపలి రంధ్రం 8 మి.మీ., బయటి వ్యాసం 22 మి.మీ.)
• 8 మి.మీ. స్టెయిన్‌లెస్ స్టీల్ కడ్డీ, 130 మి.మీ. పొడవు
• 8 మి.మీ. ఫ్లాంజ్ కప్లింగ్ (కడ్డీని పళ్లేనికి బిగించే బిళ్ల) ఒకటి, షాఫ్ట్ కాలర్ (కడ్డీ చుట్టూ బిగించే రింగు) ఒకటి
• 3 మి.మీ. ఈవీఏ ఫోమ్ షీటు: 285 మి.మీ. గుండ్రటి మ్యాట్‌లు రెండు
• 10 మి.మీ. అక్రిలిక్: 100 మి.మీ. గుండ్రటి బిళ్ల ఒకటి (లేబుల్ మూత)

పీల్చే భాగానికి:
• ముప్పావు అంగుళం సీపీవీసీ పైపు అర మీటరు, అదే సైజు ఎల్బో రెండు
• ఒక అంగుళం సీపీవీసీ పైపు 105 మి.మీ., ఎల్బో ఒకటి
• పొట్టి పోగు వెల్వెట్, రెండువైపులా అంటుకునే టేపు
• పైపు మీద బిగుతుగా పట్టే రబ్బరు ఓ-రింగులు
• వెట్ అండ్ డ్రై వ్యాక్యూమ్ క్లీనర్, 1000 నుంచి 1200 వాట్లు

చివరి దాని విషయంలో రాజీ పడకండి. పొడి దుమ్ము పీల్చే మామూలు క్లీనర్లలో లోపలికి వచ్చిన గాలే మోటారు మీదుగా పోయి దాన్ని చల్లబరుస్తుంది. ఆ గాలితో నీటి తుంపర వెళ్తే షార్ట్ అవుతుంది, షాక్ కొడుతుంది. మధ్యలో సీసా పెట్టి నీళ్లు ఆపొచ్చని కొందరు చెబుతారు, ఆ సీసా ఒకసారి నిండిందంటే కథ ముగిసినట్టే.

ఇరుసు పని లేత్ షాపులో చేయించండి. విజయవాడ ఆటోనగర్‌లో గానీ, సికింద్రాబాద్ రాణిగంజ్ చుట్టుపక్కల గానీ ఇలాంటి చిన్న పని చేసిపెట్టేవాళ్లు దొరుకుతారు. కొలతలు కాగితం మీద గీసి తీసుకెళ్లండి, నోటిమాటగా చెప్పొద్దు.

3. పీట, ఇరుసు, పళ్లెం

3.1 గుర్తులు పెట్టడం. పీట ఎడమ అంచు నుంచి 170, ముందు అంచు నుంచి 200 మి.మీ. దగ్గర ఇరుసు కేంద్రం. అక్కడి నుంచి కుడివైపు సూటిగా 190 మి.మీ. దూరంలో నిలువు గొట్టం (పీల్చుగొట్టాన్ని మోసే పైపు) కేంద్రం. ఈ 190 అనే అంకె మారితే చీలిక కొలతలన్నీ మారిపోతాయి, కాబట్టి రెండుసార్లు కొలవండి.

3.2 బేరింగు దిమ్మె. రెండు చిన్న ప్లైవుడ్ ముక్కల్ని పీట అడుగున ఇరుసు కేంద్రం కింద అతికిస్తే మొత్తం మందం 54 మి.మీ. వస్తుంది. పైనుంచి ఒకటి, కిందనుంచి ఒకటి 22 మి.మీ. గుంటలు 7 మి.మీ. లోతున తొలిచి బేరింగులు దించండి. మధ్యలో 10 మి.మీ. రంధ్రం చాలు. బేరింగులు ఒకదానికొకటి 40 మి.మీ. దూరంలో ఉంటాయి కనుక పళ్లెం ఊగదు. ఒక్క బేరింగుతో సరిపెడితే ఊగుతుంది.

3.3 ఇరుసు. 130 మి.మీ. కడ్డీలో కింది 102 మి.మీ. అలాగే 8 మి.మీ. లావు ఉంచండి. ఆ పైన 8 మి.మీ. పొడవు మేర 7.1 మి.మీ. లావుకు లేత్ మీద చెక్కించండి. మిగిలిన 20 మి.మీ. మీద ఎం6 మర తీయించండి.

ఎల్పీ రంధ్రం సుమారు 7.25 మి.మీ. ఉంటుంది. లేత్ ఖర్చు ఎందుకని నేరుగా 6 మి.మీ. బోల్టు పెడితే రికార్డు ఒక మి.మీ.కు పైగా పక్కకు జరుగుతుంది, లేబుల్ మూత లేబుల్ మీద సరిగ్గా కూర్చోదు. బోల్టే వాడక తప్పకపోతే దాని మీద హీట్ ష్రింక్ తొడుగు (వేడి చేస్తే బిగుసుకునే ప్లాస్టిక్ గొట్టం) వేసి వెర్నియర్‌తో 7.1 వచ్చేదాకా పెంచండి.

3.4 పళ్లెం. 320 మి.మీ. ఎందుకంటే, రికార్డును ముట్టుకోకుండా పళ్లెం అంచు పట్టుకుని తిప్పడానికి. ఫ్లాంజ్ కప్లింగ్‌ను పళ్లెం అడుగున నాలుగు స్క్రూలతో బిగించి ఇరుసు మీద నిలపండి. 8 మి.మీ. భాగం పై అంచు మ్యాట్ పైభాగం కంటే ఒక మి.మీ. కిందే ఆగాలి. లేకపోతే రికార్డు ఆ మెట్టు మీద కూర్చుంటుంది. దిమ్మె అడుగున షాఫ్ట్ కాలర్ బిగిస్తే పళ్లెం పైకి లేవదు.

అంచు దగ్గర పెన్సిల్ మొన నిలబెట్టి పళ్లెం తిప్పండి. ఎత్తుపల్లాలు ఒక మి.మీ. లోపల ఉంటే చాలు. ఎక్కువుంటే ఫ్లాంజ్ స్క్రూల కింద కాగితపు వాషర్లు వేసి సరిచెయ్యండి. అంతా కుదిరాక విడదీసి, ప్లైవుడ్ అంచులకూ రంధ్రాలకూ పీయూ పాలిష్ రెండు పూతలు వెయ్యండి. నీళ్లు చెక్కలోకి దిగేది అంచుల నుంచే.

3.5 మ్యాట్‌లు రెండు ఎందుకు? ఒకటి మురికి వైపు కోసం, ఒకటి కడిగిన వైపు కోసం. మొదటి వైపు కడిగి తిరగేసినప్పుడు శుభ్రమైన గాళ్లు అదే మ్యాట్ మీద పడితే పని మళ్లీ మొదటికొస్తుంది. రెండు రంగుల్లో కొనండి, లేదా పెయింట్‌తో గుర్తు పెట్టుకోండి. కార్క్ మ్యాట్ నీళ్లు పీల్చి బూజు పడుతుంది, దాన్ని వాడొద్దు.

3.6 లేబుల్ మూత. ఎల్పీ లేబుల్ వ్యాసం 100 మి.మీ. అక్రిలిక్ బిళ్ల మధ్యలో 7.2 మి.మీ. రంధ్రం వేసి, అడుగున బయటి వ్యాసం 100, లోపలి వ్యాసం 60 మి.మీ. ఉండేలా ఈవీఏ రింగు అతికించండి. నిండు బిళ్ల కాకుండా రింగు వేస్తే ఒత్తిడంతా లేబుల్ అంచు మీదే పడి నీళ్లు ఆగుతాయి. పైన ఎం6 వింగ్ నట్టు వేళ్లతో బిగిస్తే చాలు, పటకారు అక్కర్లేదు.

4. పీల్చుగొట్టం

రికార్డు మీద అడ్డంగా ఆని, చీలికలోంచి నీళ్లు లాగేది ఈ గొట్టమే. ఈ భాగానికి ఒక పూట మొత్తం కేటాయించండి.

4.1 లెక్క. ముప్పావు సీపీవీసీ పైపు బయటి వ్యాసం 22.2 మి.మీ., లోపల సుమారు 18. అంటే గాలి పోయే దారి దాదాపు 255 చదరపు మి.మీ. చీలిక వైశాల్యం దీన్ని మించకూడదు. 93 మి.మీ. పొడవు, 2 మి.మీ. వెడల్పు చీలిక 186 చదరపు మి.మీ. అవుతుంది, చక్కగా సరిపోతుంది. ఎక్కువ పీలుస్తుందని 4 మి.మీ. వెడల్పు కోస్తే 370 దాటుతుంది. అప్పుడు గాలంతా ఎల్బో పక్కన ఉన్న కొసలోంచే లాగేసుకుంటుంది, లేబుల్ వైపు కొసకు బలం అందదు.

4.2 కొలతలు. నిలువు గొట్టం మధ్యగీత నుంచి లెక్కపెట్టండి. 42 మి.మీ. దగ్గర చీలిక మొదలు, 135 దగ్గర ఆఖరు, 138 దగ్గర పైపు కొస. రికార్డు కేంద్రం నుంచి చూస్తే ఇది 148 నుంచి 55 మి.మీ. వ్యాసార్ధం దాకా వస్తుంది. పాటలున్న గాళ్లు 146 నుంచి 60 మి.మీ. మధ్యే ఉంటాయి కాబట్టి అన్నీ కవరవుతాయి. చీలిక రికార్డు అంచు దాటి బయటికి వస్తే బయటి గాలి పీల్చుకుని మిగతా పొడవంతా బలం పోతుంది.

4.3 చదును చెయ్యడం. పైపును ఎల్బోలో పొడిగా దూర్చి, ఎల్బో రెండో మూతి ఎటు చూస్తుందో అటువైపు పైపు మీద నిలువు గీత గియ్యండి. ఆ గీత వెంబడి ఆకురాయితో 8 మి.మీ. వెడల్పు చదును వచ్చేదాకా అరగదీయండి. ముక్కాలు మి.మీ. తరుగు పోతుంది. పైపు గోడ 2 మి.మీ. ఉంటుంది కనుక ఫరవాలేదు. చివరగా గాజు పలక మీద 220 నంబరు సాండ్ పేపర్ పరిచి పైపును దాని మీద రుద్దితే ఎగుడుదిగుళ్లు పోతాయి.

4.4 కొయ్యడం. చీలిక రెండు కొసల్లోనూ 2 మి.మీ. రంధ్రాలు వెయ్యండి. ఇనప యాంగిల్‌ను ఆసరాగా బిగించి, చిన్న రోటరీ టూల్‌కు పల్చటి కటింగ్ చక్రం పెట్టి రెండు గీతలు కొయ్యండి. ఒక్క విసురులో కోస్తే ప్లాస్టిక్ కరిగి చక్రానికి చుట్టుకుంటుంది, మూడు నాలుగు సార్లుగా లోతు పెంచండి. ఆ తర్వాత పల్చటి ఆకురాయితో లోపలి అంచులు నున్నగా చెయ్యండి. లోపల పొట్టు మిగిలితే జుట్టూ పోగులూ దానికి చిక్కుకుని అక్కడే గూడు కడతాయి.

4.5 కొస మూత. బయటి నుంచి సీపీవీసీ క్యాప్ తొడిగితే అది లేబుల్ మూతకు తగులుతుంది. 18 మి.మీ. వ్యాసం, 3 మి.మీ. మందం ఉన్న అక్రిలిక్ బిళ్లను పైపు లోపలికి దించి ఎపాక్సీతో అతికించండి.

4.6 వెల్వెట్. గుడ్డను తడిపి తెల్ల టిష్యూ మీద ఒత్తండి. రంగు దిగితే పక్కన పడెయ్యండి. 5 మి.మీ. వెడల్పు, 97 మి.మీ. పొడవు పట్టీలు రెండు కోసి చీలికకు అటొకటి ఇటొకటి అంటించండి. 3 మి.మీ. చదును మీద, మిగతా 2 పైపు వంపు మీదకు. పోగు వాలు రెండు పట్టీలకూ ఒకే దిశలో, పళ్లెం తిరిగే వైపుకు ఉండాలి. చీలికలోకి పోగు గానీ, టేపు అంచు గానీ రాకూడదు.

5. నిలువు గొట్టం బిగించడం

ఒక అంగుళం సీపీవీసీ పైపు లోపలి వ్యాసం సుమారు 23.4 మి.మీ. ముప్పావు పైపు అందులో వదులుగా జారుతుంది, అటూ ఇటూ తిరుగుతుంది. కీలు విడిగా చెయ్యక్కర్లేదు.

అంగుళం పైపును పీటలో 30 మి.మీ. రంధ్రంలోంచి దించండి, పైకి 15 మి.మీ. కనబడితే చాలు. ముప్పావు పైపు ముక్క 90 మి.మీ. తీసుకుని పై కొసకు ఎల్బో తొడిగి ఈ అంగుళం పైపులోకి దించండి. ఎల్బోకూ పీల్చుగొట్టానికీ మధ్య సాల్వెంట్ సిమెంట్ పెట్టండి. ఎల్బోకూ నిలువు ముక్కకూ మధ్య వద్దు. రేపు ఈపీ గొట్టం మార్చుకోవడానికి అది ఊడి రావాలి.

ఇప్పుడు ముఖ్యమైన వరస. అంగుళం పైపును ముందే ఎపాక్సీతో బిగించకండి. ఎల్బోలు కచ్చితంగా 90 డిగ్రీలు ఉండవు. ఒక్క డిగ్రీ తేడా ఉన్నా పీల్చుగొట్టం కొస దగ్గర 2 మి.మీ. పైకో కిందికో పోతుంది, అది చాలు చీలిక సగం పనిచెయ్యకపోవడానికి. పనికిరాని రికార్డు ఒకటి పళ్లెం మీద బిగించి, పీల్చుగొట్టం దాని మీద పూర్తిగా ఆనేలా పెట్టి, ఆ స్థితిలో అంగుళం పైపు చుట్టూ ఎపాక్సీ నింపి రాత్రంతా వదిలెయ్యండి. గొట్టం వాలు ఎంతుందో పైపే అంత సర్దుకుని గట్టిపడుతుంది. ఎల్బో కింది అంచు పళ్లేనికి తగలడం లేదని అప్పుడే చూసుకోండి.

మర్నాడు నిలువు ముక్క మీద ఓ-రింగు ఎక్కించి, అంగుళం పైపు మూతి మీద కూర్చునేదాకా జరపండి. ఇదే స్టాపర్. వెల్వెట్ రికార్డును తాకీ తాకనట్టు ఉండే ఎత్తులో రింగు ఆగాలి. గాలి లాగినప్పుడు మిగతా ఒత్తిడి అదే వస్తుంది. కీలు దగ్గర గాలి లీకును కూడా ఈ రింగే ఆపుతుంది.

పీట అడుగున అంగుళం ఎల్బో పెట్టి క్లీనర్ గొట్టానికి కలపండి. సైజులు కుదరవు, కుదరాలని చూడొద్దు. పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి హోస్ క్లిప్ బిగిస్తే గాలి పోదు.

గాలి రంధ్రం: పీట కింద చేతికందే చోట పైపుకు 8 మి.మీ. రంధ్రం ఒకటి వేసి, దాని మీద జరిగే తొడుగు పెట్టండి. వెయ్యి వాట్ల మోటారు ఈ పనికి ఎక్కువ. తొడుగు జరిపి బలం తగ్గించుకోవచ్చు. బలం తగ్గించడానికి ఫ్యాన్ రెగ్యులేటర్ పెట్టకండి. అది ఫ్యాను మోసే పాటి కరెంటుకే తయారైంది, ఇక్కడ కాలిపోతుంది.

6. కరెంటు జాగ్రత్తలు

• క్లీనర్ ప్లగ్గు ఎర్త్ ఉన్న 16 ఆంపియర్ల సాకెట్‌లోనే
• ఆ లైనులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్చు) ఉందో లేదో చూసుకోండి, లేకపోతే ముందు అది పెట్టించండి
• కాగితపు సంచీ తీసేసి, తడి పనికి ఇచ్చిన స్పాంజి ఫిల్టర్ పెట్టండి
• క్లీనర్ వెనక నుంచి కొట్టే గాలి రికార్డుల వైపు రాకూడదు, గదిలో దుమ్మంతా లేస్తుంది. గొట్టం పొడవున్నంత దూరంలో, వీలైతే గుమ్మం అవతల పెట్టండి
• చెవుల్లో దూది కాదు, ఇయర్ ప్లగ్గులు

7. ద్రవం

7.1 నీళ్లు. ఇన్వర్టర్ బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ లేదా డీఎం (లవణాలు తీసేసిన) నీళ్లు, సీలు ఉన్న క్యాను. టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలు కొలిచేది) పెట్టి చూస్తే 5 లోపు ఉండాలి. ఆర్‌ఓ నీళ్లలో ఉప్పు మిగిలే ఉంటుంది, ఆరాక అది గాడిలోనే దిగబడుతుంది. ఏసీ నుంచి కారే నీళ్లు డిస్టిల్డ్ వాటర్‌తో సమానమని ఒక నమ్మకం ఉంది. అవి కాయిల్ మీది దుమ్మునూ, బూజునూ కడుక్కుంటూ వచ్చిన నీళ్లు.

7.2 తడిపే మందు. ఉత్త నీళ్లు వినైల్ మీద ముత్యాల్లా నిలబడతాయి, గాడిలోకి దిగవు. ల్యాబ్ కెమికల్స్ అమ్మే షాపులో ట్రైటాన్ ఎక్స్-100 దొరుకుతుంది. చిక్కగా తేనెలా ఉండే దాన్ని నేరుగా కొలవడం కష్టం. 10 మి.లీ. మందును 90 మి.లీ. గోరువెచ్చటి డీఎం నీళ్లలో నెమ్మదిగా కలిపి నిల్వ ద్రావణం చేసుకోండి. లీటరు డీఎం నీళ్లకు ఈ నిల్వ ద్రావణం 5 మి.లీ. చాలు. ఎక్కువ వేస్తే నురగ పెరుగుతుంది తప్ప మురికి ఎక్కువ పోదు.

గిన్నెలు తోమే లిక్విడ్లు, షాంపూలు వద్దు. వాటిలోని రంగు, సువాసన, ఉప్పు గాడిలో మిగులుతాయి.

7.3 ఆల్కహాల్ సంగతి. చాలామంది కడిగే ద్రవంలో ఐదో వంతు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలుపుతారు. వ్యాక్యూమ్ యంత్రంలో పోసే ద్రవానికి అది అనవసరం. క్లీనర్ మోటారు బ్రష్షుల దగ్గర నిప్పురవ్వలు వస్తాయి. మంటలంటుకునే ద్రవాలు పీల్చొద్దని ఆ పెట్టెతో వచ్చే పుస్తకంలోనే రాసి ఉంటుంది. పైగా మన ఎండాకాలం గదిలో ఆవిరి ఇంకా తొందరగా లేస్తుంది.

వేలిముద్రల జిడ్డు వదలకపోతే, మూడొంతులు నీళ్లకు ఒక వంతు ఆల్కహాల్ కలిపి మైక్రోఫైబర్ గుడ్డతో ఆ మచ్చ మీద మాత్రమే, గాడి దిశలో తుడవండి. పూర్తిగా ఆరాక యంత్రం మీద పెట్టండి. అదీ వినైల్‌కే. శానిటైజర్‌లో గ్లిజరిన్ లాంటివి కలుపుతారు, సర్జికల్ స్పిరిట్‌లో కూడా వేరే నూనెలు ఉండొచ్చు. రెండూ పనికిరావు.

ద్రవం సీసాకు చీటీ అంటించండి. మంచినీళ్ల సీసాలో మాత్రం పొయ్యకండి.

8. పరీక్ష, ఆ తర్వాత కడిగే వరస

మంచి రికార్డు ముట్టుకునే ముందు పనికిరాని దాని మీద ఈ రెండు పరీక్షలు చెయ్యండి.

కాగితం పరీక్ష: పొడిగా, మోటారు ఆపి ఉండగా, 10 మి.మీ. వెడల్పు కాగితపు ముక్కల్ని పీల్చుగొట్టం కింద లోపలి కొసన, మధ్యలో, బయటి కొసన పెట్టి ఒక్కొక్కటే లాగండి. మూడూ ఒకే బిగుతుతో రావాలి.

టార్చి పరీక్ష: తడిపి, లాగి, దీపం ఆపేసి టార్చిని రికార్డు మట్టానికి ఏటవాలుగా పట్టండి. ఎక్కడ తడి మిగిలినా మెరుస్తుంది.

కడిగే వరస:

1) పొడి దుమ్మును కార్బన్ ఫైబర్ బ్రష్షుతో తీసెయ్యండి. పొడి రికార్డు మీద పీల్చుగొట్టం ఎప్పుడూ పెట్టొద్దు.

2) "మురికి" మ్యాట్ మీద రికార్డు, పైన లేబుల్ మూత, నట్టు.

3) సూది తీసిన 10 మి.లీ. సిరంజితో 6 మి.లీ. ద్రవం పొయ్యండి. ఎల్పీ ఉపరితలానికి ఇది దాదాపు పదోవంతు మి.మీ. పొర. తక్కువైతే బ్రష్షు పొడిబారుతుంది, ఎక్కువైతే అంచు నుంచి కారుతుంది.

4) మెత్తటి బ్రష్షుతో అర నిమిషం సవ్యదిశలో, అర నిమిషం అపసవ్యంగా. బరువు వెయ్యకండి. కోస్తా ఊళ్ల తేమలో బూజు పట్టిన వినైల్ అయితే మూడు నిమిషాలు నాననివ్వండి, మధ్యలో 2 మి.లీ. చేర్చండి. ఆరనివ్వడం మాత్రం కుదరదు.

5) పీల్చుగొట్టాన్ని పైకెత్తి పట్టుకుని రికార్డు మీదకు తిప్పండి, ఈడ్చుకు రావద్దు. మోటారు వేసి, పళ్లెం తిప్పడం మొదలుపెట్టి, అప్పుడు దించండి. ఒక చుట్టుకు ఆరు సెకన్లు. రెండు చుట్లు, ఆ పైన పావు చుట్టు.

6) ముందు గొట్టం ఎత్తండి, తర్వాత మోటారు ఆపండి. ఇది తలకిందులైతే గొట్టంలో ఉన్న మురికి నీళ్లు చీలికలోంచి మళ్లీ రికార్డు మీద పడతాయి.

7) ఇంకో బ్రష్షు, ఇంకో సిరంజి. 5 మి.లీ. ఉత్త డీఎం నీళ్లు పోసి పరిచి, మళ్లీ రెండు చుట్లు లాగండి. తడి కనబడితేనే మూడోది.

8) "శుభ్రం" మ్యాట్ వేసి రికార్డు తిరగేసి, రెండో వైపు ఇదే వరస.

9) స్టాండులో నిలబెట్టి 15 నిమిషాలు. ఆ తర్వాత కొత్త లోపలి కవరులో. పాత కాగితపు కవరులో పెడితే ఆ దుమ్మే మళ్లీ ఎక్కుతుంది.

ఒక్కో రికార్డుకూ మధ్య వెల్వెట్‌ను తడి టూత్‌బ్రష్షుతో దువ్వి, మోటారు వేసి ఆరబెట్టండి.

9. ఈపీలు, పది అంగుళాల ప్లేట్లు

ఏడంగుళాల ఈపీకి ఎల్పీ గొట్టం పొట్టిది, పైగా చీలిక సగానికి పైగా బయటే ఉంటుంది. వేరే గొట్టం చెయ్యండి. నిలువు గొట్టం మధ్యగీత నుంచి చీలిక 105 నుంచి 143 మి.మీ. దాకా, కొస 146 దగ్గర. లేబుల్ మూత 84 మి.మీ. చాలు. మీ ఈపీల లేబుళ్లు కొలిచి చూసుకోండి. మధ్య రంధ్రం 38 మి.మీ. ఉన్న వాటికి అడాప్టర్ బిళ్ల కావాలి.

పది అంగుళాల ప్లేటుకు ఎల్పీ గొట్టమే వాడి, చీలిక బయటి కొస నుంచి 25 మి.మీ. మేర టేపు వేసి మూసెయ్యండి. దాని లేబుల్ చిన్నది గనుక లోపలి కొసన ఆఖరి గాళ్లు కొన్ని చీలికకు అందకపోవచ్చు. వాటిని టిష్యూతో అద్దాలి, లేదా ఈ సైజు ప్లేట్లు ఎక్కువగా ఉంటే వాటికే ఒక గొట్టం కొలిచి చేసుకోవాలి. లక్క ప్లేట్లకు వాడిన వెల్వెట్‌ను ఎల్పీలకు వాడొద్దు. వాటి గాళ్లలోంచి వచ్చే నల్లటి పొడి గరుకుగా ఉంటుంది.

10. ఏది చెడితే ఎక్కడ చూడాలి

పళ్లెం తిరగనంటోంది: బలం ఎక్కువైంది. గాలి రంధ్రం ఇంకా తెరవండి, సరిపోకపోతే 10 మి.మీ.కు పెంచండి. అయినా తిరగకపోతే వెల్వెట్ మందంగా ఉన్నట్టు.

బయటి అంచున వలయంలా తడి: గొట్టం బయటి కొస పైకి లేచింది, కాగితం పరీక్ష చెయ్యండి. రికార్డే వంగి ఉంటే తడి వలయంలా కాక ఒకచోట మాత్రమే ఉంటుంది. అక్కడ పళ్లెం నెమ్మదిగా తిప్పండి.

కేంద్రం నుంచి అంచు దాకా ఒక తడి గీత: గొట్టం ఎత్తకముందే మోటారు ఆపారు, లేదా పావు చుట్టు అదనంగా తిప్పలేదు.

లేబుల్ తడిసింది: ఈవీఏ రింగు నలిగింది, మార్చండి. తడిసిన లేబుల్‌ను రుద్దకండి, టిష్యూ అద్ది వదిలెయ్యండి.

కడిగాక చిటపటలు ఎక్కువయ్యాయి: స్టాటిక్. ఎండిపోయాక కూడా గాలి లాగుతూ ఉంటే వినైల్ చార్జి పుంజుకుంటుంది. రెండు చుట్ల దగ్గర ఆపడం నేర్చుకోవాలి, ఐదారు చుట్లు తిప్పితే ఇదే గతి.

సూది మొనకు తెల్లటి ముద్ద: మందు కడుగుడులో పోలేదు. రెండోసారి నీళ్లతో కడగండి, నిల్వ ద్రావణం కొలత సరిచూడండి. మొదటిసారి వాయించినప్పుడు కాస్త మురికి రావడం మామూలే, గాడి అడుగున మెత్తబడింది బయటికొస్తుంది.

గుండ్రంగా సన్నటి గీతలు: వెల్వెట్‌లో ఇసుక రేణువు ఉంది. వెంటనే ఆపి పట్టీలు మార్చండి.

క్లీనర్ వెనక నుంచి తుంపర: ట్యాంకులో నురగ. నీళ్లు నిండితే లోపలి బంతి తేలి దారి మూసేస్తుంది గానీ, నురగ ఆ బంతిని లేపలేదు, నేరుగా పైకి పోతుంది. మోటారు ఆపి, ట్యాంకు ఖాళీ చేసి, మందు తగ్గించండి.

కడిగినా శబ్దం తగ్గలేదు: బరువైన సూదులతో అరిగిన గాడి మళ్లీ పూడదు. ఒకసారి సరిగ్గా కడిగాక అదే హోరు వినిపిస్తే ఇంకోసారి కడగడం వృథా.

11. నిర్వహణ

• ట్యాంకు అదే రోజు ఖాళీ చేసి కడిగి, మూత తెరిచి ఆరబెట్టండి
• గొట్టం మడతలు లేకుండా వేలాడదీయండి, లోపల నిలిచిన నీళ్లే తర్వాత వాసన కొడతాయి
• పీల్చుగొట్టాన్ని నెలకోసారి తీసి చీలికలోకి టార్చి వేసి చూడండి, లోపల జుట్టు చేరితే ఒకవైపు బలం పోతుంది
• మ్యాట్‌ల మీద రికార్డు వదిలేసి వెళ్లొద్దు
• ఇరుసు బేరింగుల్లోకి నీళ్లు దిగితే పళ్లెం గరగరలాడుతుంది. 608 బేరింగు చవకే, శుభ్రం చేసే బదులు మార్చెయ్యండి

వెల్వెట్ పోగు అణిగిపోయి మెరుపు వస్తే మార్చే వేళయింది. పాత జిగురును పూర్తిగా గీకి, చదును మీద ఎత్తుపల్లం లేకుండా తుడిచి కొత్త పట్టీలు వెయ్యండి. కొత్త పోగు ఎత్తుగా ఉంటుంది. ఓ-రింగును కొంచెం కిందికి జరిపితే గొట్టం ఆ మేరకు లేస్తుంది. ఆ తర్వాత కాగితం పరీక్ష మళ్లీ చెయ్యాలి.